సిద్దిపేటలో రెండు దినములు



సిద్దిపేట యనగానే మన యాడువారికి మొదట స్ఫురించునది గొల్లభామ చీర. తలపై కుండ నుంచుకొని నడచు గొల్లభామ బొమ్మను మగ్గముమీదనే చీరలో నేయుదురు; భౌగోళిక గుర్తింపు పొందిన నేత యది. నేను పోయినదియు ఒక చీర కొందమనియే. బాల్యమున వసతిగృహములో నాతో చదివిన చెల్లెలివంటి స్నేహితురాలొకతె యచట నున్నది. ఆమె క్రైస్తవురాలు, ఒక కార్యాలయమున లెక్కలు వ్రాయు నుద్యోగము చేసి యీ మధ్యనే విశ్రాంతి పొందినది.

సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు వచ్చినది గాని, నేను పాత యలవాటు చొప్పున సికింద్రాబాదులో బస్సెక్కి రాజీవు రహదారిమీదనే పోయితిని. దారిపొడవున బండరాళ్ల గుట్టలు, నడుమ నడుమ మొక్కజొన్న చేలు. 2016 అక్టోబరు వరకు మెదకు జిల్లాలో నొక పట్టణముగా నుండిన సిద్దిపేట యిప్పుడు తానే జిల్లాకు ముఖ్యపట్టణము. సాయంకాలము కోమటిచెరువు కట్టమీద నడవ బోయితిమి. పిల్లలు, ముసలివారు, కొత్తకోడండ్రు, అందరు నచటనే యుందురు. నీటిమీది గాలి హాయిగా నుండెను. ఆ కట్టమీద కూర్చుండియే మా స్నేహితురాలు తన తాతగారి కథ చెప్పినది.

ఆయన యీ ప్రాంతపు పల్లెలోని మాదిగవాడవారు. తోలుపని, మోట బొక్కెనలు కుట్టుట, ఊరికి కబురు మోయుట, జాతరలో డప్పు కొట్టుట, ఇవన్నియు వంశపారంపర్యముగా వచ్చిన విధులు. కూలి డబ్బుగా నుండదు. పంట వచ్చినప్పుడు కళ్లమునొద్ద కొలిచి యిచ్చు గింజలే. చాల పనికి ఆ గింజలును లేవు. దానినే వెట్టి యనిరి. ఆయన వెస్లియను మిషనువారి బోధ విని బాప్తిస్మము పొందిన పిదప పోచమ్మ పండుగ వచ్చినది. చావుకును చాటింపుకును డప్పు కొట్టుదును గాని, బలియిచ్చు చోట కొట్టజాలనని పెద్దలతో చెప్పెను. ఆ యేడు కళ్లమునొద్ద ఆయన చేటలో గింజ పడలేదు.

ఇట్టి కథలు తెలుగునాట నొక్కచోటివి కావు. ఒంగోలు ప్రాంతమున 1860ల చివర జాన్ క్లౌ దొరగారి యొద్ద చేరిన మాదిగ క్రైస్తవులకు మూడు నియమము లుండెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుట కివి మతనియమములవలె నున్నవి. పల్లెలో నివి పనికి సంబంధించిన నియమములు. ఆదివారము పొలమునకు రాని కూలివాడును, జాతరకు డప్పు తేని మాదిగయు భూస్వామి కంటికి తిరుగుబాటుదారులే. పని మాన్పించిరి, నీళ్లు తోడుకొననీయరైరి. కాపులను మాత్రమే నిందింపలేను. తరతరముల నుండి ఊరంతయు నా యేర్పాటుమీదనే నిలిచియున్నది, ఒక్క దూలము కదలిన ఇల్లంతయు కదలునని వారి భయము. అయినను ఆ దూలము క్రింద నలిగినవారెవరో మనకు తెలియును.

"తరువాత మీ తాతగా రేమి చేసిరి?" అని యడిగితిని. ఆమె నవ్వెను. మరుసటి యేడు బాప్తిస్మము పొందని తమ్ముడు ఆయన బదులు డప్పు పట్టెనట. గింజలు ఇరువురును పంచుకొనిరట. అది గెలుపో ఓటమియో తనకు నేటికిని తెలియదనెను. మెదకు ప్రాంతపు గ్రామక్రైస్తవులను గూర్చి లూక్, కార్మన్ అను నిరువురు పరిశోధించి 1968లో నొక గ్రంథము ప్రకటించిరి. గుడికిని ఊరి పండుగకును నడుమ జనులు వెదకుకొనిన యిట్టి సందుదారులను దాచకుండ వ్రాసిన పుస్తకమది. విశ్వాసము కొండంత యున్నను, ఇంటిలో పిల్లలకు గంజి కావలెను గదా.

చీకటి పడుచుండగా తన సంగతి చెప్పినది. ఉద్యోగములో నుండగా నొకసారి కార్యాలయమునకు వచ్చిన సామాను లెక్కకు తక్కువయ్యెను. పుస్తకములో పూర్తిగా వచ్చినట్లు వ్రాయుమని పైయధికారి చెప్పెను. తక్కువైనది స్వల్పమే, వ్రాసినది. కొన్నాళ్లకు మరల నట్లే యడిగిరి. ఈసారి తక్కువ స్వల్పము కాదు. ఆ యేడే కూతురి పెండ్లి. రెండు రాత్రులు నిద్రలేదు.

"ఒక్కసారి రాసిన చెయ్యి రెండోసారి వణకదు అక్కా. గదే నాకు భయమైంది" అనెను.

ఇంటివారు, తోటివారు, అందరును వ్రాసివేయుమనియే చెప్పిరట. ఒక పెద్దమనిషి బైబిలులోని నయమాను కథను గూడ చెప్పెను. సిరియా సేనాపతియైన నయమాను, తన యింటి దాసిపిల్ల మాట విని ఎలీషా ప్రవక్త యొద్దకు పోయి కుష్ఠు పోగొట్టుకొనెను. ఇశ్రాయేలు దేవునే కొలిచెదనని చెప్పి, రాజు నా చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో మ్రొక్కునప్పుడు నేనును వంగవలసివచ్చును, దానిని దేవుడు క్షమించునుగాక యని వేడుకొనెను. ప్రవక్త యతనిని గద్దింపక నెమ్మదిగా పంపెను. కావున ఉద్యోగధర్మమున వంగుట తప్పుగాదని యా పెద్దమనిషి తాత్పర్యము.

మా స్నేహితురాలు మాత్రము ఆ కథను మరియొక విధమున చదువుకొన్నది. నయమాను తాను చేయబోవుదానిని ముందుగనే బయటపెట్టి చెప్పెను. తన వంగుటవలన నెవరి సొమ్మును పోలేదు. లెక్కపుస్తకములో లేని సామానును వ్రాయుటయో, ఎవరికిని చెప్పకుండ చేయవలసిన పని. ఆ భేదము నాకును సరియైనదనియే తోచినది. మూడవనాడు ఆమె లెక్కించినంతయే వ్రాసి, క్రింద చేవ్రాలు చేసి, మునుపటి తక్కువను గూడ కాగితముమీద పెట్టి యిచ్చినది. దూరపు చోటికి బదిలీ చేసిరి. నాలుగేండ్లు తెల్లవారకమునుపే వంట ముగించి బస్సెక్కినది. పెద్దపదవి రానేలేదు. కూతురి పెండ్లి అప్పుతో జరిగినది. ఆ యప్పు తీర్చుటకు పట్టిన కాలము చెప్పునప్పుడు మాత్రము ఆమె గొంతు మారినది.

మరునాడు రామాయంపేట మీదుగా మెదకు పోయితిమి. అచటి పెద్దగుడి చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికతో లేచినది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. గోపురము ఎత్తు 175 అడుగులు. కరువు దినములలో పని కల్పించుటకై కట్టించిరని యీ ప్రాంతమున నందరును చెప్పుకొందురు. లోపల రంగుటద్దముల కిటికీలలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము. పగటి వెలుగులోనే చూడవలెను, దీపములతో చూచిన నేమియు తెలియదు.

కరువున పని యిచ్చినవాని దేవునే కొలిచిన, అది భక్తియా, అన్నమా? ఈ ప్రశ్న నన్ను చాల దినములనుండి బాధించుచున్నది. గుడిలో కూర్చుండి యడిగితిని. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు పట్టి వేలమందికి కూలి యిచ్చెను; ఆ కాలమంతయు బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. పిదప 1878 జూలై 3న గుండ్లకమ్మ యొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పని యిచ్చు చేతికిని మనస్సాక్షి యుండవలెనని యాయన కెరుకే. అంత మాత్రమున నా సందేహ మంతయు తీరినదని చెప్పను. మా స్నేహితురాలు, "మా తాతకు గింజలు రాలే, పోయినయి" అని మాత్రమే యనెను.

క్రిస్మసునాడు వారి గుడిలో పిల్లలు డప్పు కొట్టి యాడుదురట. తాతగారు చూచిన నేమనునో యని యామె ముసిముసిగా నవ్వెను.

సాయంకాలము నన్ను హైదరాబాదు బస్సెక్కించి తాను సిద్దిపేట బస్సుకు పోయినది. నరసాపురము అడవి దాటుచుండగా, గొల్లభామ చీర కొననేలేదని జ్ఞాపకమునకు వచ్చినది.