జార్, నిజాం, మా దాదీ

2023 జనవరి 18న ముకర్రం జా జనాజా మక్కా మసీదుకు చేరుతున్నప్పుడు గోదావరిఖనిలో ఓ చాయ్ హోటల్లో టీవీ ముందు పదిమందిమి నిలబడి ఉన్నాం. ఆయన ఇస్తాంబుల్లో ఇంతెకాల్ అయ్యారు. మయ్యత్‌ను అక్కణ్నుంచి హైదరాబాద్ తెచ్చారు. సర్కారీ లాంఛనాలు జరుగుతున్నాయి. బాయిలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన ఓ చాచా రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. పక్కనున్న కుర్రాడు మాత్రం “ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం పెట్టుకున్నాయన మనకేమైతడు చాచా?” అన్నాడు. చాచా జవాబు చెప్పలేదు. చాయ్ పైసలిచ్చి వెళ్లిపోయాడు.

బాద్షాలు తఖ్తు దిగిపోయిన కథలు వినడానికి నా బచ్‌పన్‌లో రెండు జాగాలుండేవి. ఒకటి మా ఉర్దూ మీడియం బడి, రెండోది బాయి గేటు. బడిలో తారీఖ్ చెప్పే మాస్టర్‌సాబ్ నిజాం పేరు ఉత్తగా పలికేవారు కాదు, ‘ఆలా హజ్రత్’ అనేవారు. బాయి గేటు దగ్గర ఎర్రజెండా మీటింగుకు అబ్బా నన్ను సైకిల్ మీద ముందు కూచోబెట్టుకుని తీసుకుపోయేవాడు. అక్కడ యూనియన్ లీడర్లు రష్యా జార్ కథ చెప్పేవాళ్లు. ఉర్దూలో ‘జార్’ అని రాస్తే రష్యా బాద్షా అవుతాడు. అవే హర్ఫులతో ‘జార్ జార్ రోనా’ అంటే వెక్కివెక్కి ఏడవడం. ప్రజలను ఏడిపించినందుకే ఆయనకు ఆ పేరు పెట్టారని నేను చాలా రోజులు నమ్మాను. లీడర్లు చెప్పే కథకు అది బాగానే అతికేది కూడా.

జార్ కథ మీకు తెలిసే ఉంటుంది. 1613లో మొదలైన రోమనోవ్ ఖాందాన్ 1917 మార్చిలో వారం పది రోజుల్లో కూలిపోయింది. జంగ్ నడుస్తోంది, రాజధానిలో రొట్టె దొరకడం లేదు. రొట్టె కోసం వీధిలోకొచ్చిన ఆడవాళ్ల మీద కాల్పులు జరపమంటే ఫౌజ్ చివరికి వాళ్లవైపే నిలబడింది. రెండో నికొలస్ దస్తఖత్ పెట్టి దిగిపోయాడు. తర్వాత 1918 జూలై 17 తెల్లవారకముందే యెకాతెరిన్‌బర్గ్‌లో ఓ ఇంటి కింది గదిలో ఆయన్ను, బేగంను, నలుగురు కూతుళ్లను, జబ్బు కొడుకును కాల్చేశారు. మొత్తం 11 మంది. లెక్క చూడండి, ఖాందాన్ వాళ్లు ఏడుగురే. మిగతా నలుగురిలో ఒకరు హకీం, ఒకరు వంటమనిషి, ఒకరు నౌకర్, ఒకరు నౌకరానీ. అనస్తాసియా బతికే ఉందని దునియా డెబ్బై ఏళ్లకు పైగా కిస్సాలు చెప్పుకుంది, సినిమాలు తీసింది. ఆ నౌకరానీ బతికుందేమోనని ఒక్కరూ కిస్సా అల్లలేదు.

1998లో వాళ్ల ఎముకలను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దఫన్ చేశారని పేపర్లో చదివినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. పదో తరగతి దాకా ఉర్దూలో చదివిన పిలగాణ్ని తెలుగు డిగ్రీలో చేర్చింది మా అబ్బాయే. “ఉర్దూ ఇంట్ల ఉంటది బేటా, రొట్టె తెలుగుల ఉంది” అన్నాడు. ఆయన కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టిన మనిషికి రొట్టె ఎక్కడుందో నాకన్నా బాగా తెలుసు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీయే పోలీస్ యాక్షన్ తర్వాత ఇంగ్లీషుకు మారిపోయిందంటే, బాయి మీద బతికేవాళ్లం మేమెంత?

తెలుగు పుస్తకాల్లో నాకు ఇంకో నిజాం దొరికాడు. నిరంకుశుడు, జాగీర్దార్లకూ దేశ్‌ముఖ్‌లకూ అండ. మాస్టర్‌సాబ్ చెప్పిన ఆలా హజ్రత్‌కూ ఈయనకూ పోలికే లేదు. మొదట్లో గుస్సా వచ్చేది. తర్వాత దాశరథి కృష్ణమాచార్యను చదివాను. నిజాం సర్కారు ఆయన్ను నిజామాబాద్ జైల్లో పెడితే గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. అదే మనిషి గాలిబ్‌ను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగు చేశాడు. నిజాం వేరు, ఉర్దూ వేరు అని ఏ బడీ చెప్పనిది ఆ రెండు పుస్తకాలు చెప్పాయి. దేశ్‌ముఖ్‌తో భూమి కోసం పోరాడి ప్రాణమిచ్చిన షేక్ బందగీ మనవాడే. ‘ఇమ్రోజ్’ పత్రికలో రజాకార్లకు వ్యతిరేకంగా రాసి, 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపబడ్డ షోయబుల్లా ఖాన్ మనవాడే. నా పేషాకు ఆయన పెద్దదిక్కు. బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరివాళ్లను నిలబెట్టి కాల్చింది కూడా ఆ నెలలోనే. దాన్ని గొంతు తగ్గించి చెప్పే అలవాటు మన ఇళ్లలో ఉంది, అది మంచిది కాదు.

నిజాం అంజామ్ మాత్రం జార్‌లాంటిది కాదు. 1948 సెప్టెంబర్ 13న ఫౌజ్ దిగింది, 17న అంతా అయిపోయింది. 1724 నుంచి నడిచిన ఆసఫ్‌జాహీ సల్తనత్ ఐదు రోజుల్లో ఖతమ్. కానీ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలోనే ఉన్నారు. 1949 నవంబర్‌లో భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ వచ్చిన ఫర్మానా కూడా ఆయన పేరు మీదే వచ్చింది. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా ఆయన రాజప్రముఖ్. ఏటా 50 లక్షల ప్రివీ పర్స్. 1967 ఫిబ్రవరి 24న మంచం మీదే కన్నుమూశారు. ఆయన కోడలు దుర్రు షెహ్వార్ ఆఖరి ఉస్మానీ ఖలీఫా బిడ్డ. ఆ ఖాందాన్‌ను 1924 మార్చిలో రైలెక్కించి దేశం దాటించారు. రష్యా వాళ్లకు తూటాలు, తుర్కీ వాళ్లకు రైలు, మన వాళ్లకు వజీఫా. ముకర్రం జా రెండు కూలిన ఖాందాన్‌ల వారసుడు. 1971లో ప్రివీ పర్స్ కూడా రద్దయింది, ఆయన ఆస్ట్రేలియా ఎడారి అంచున గొర్రెల మధ్య ఉండిపోయారు.

మా బొగ్గు కథా ఇందులో ఉంది. లండన్‌లో 1886లో పుట్టిన కంపెనీ ఇల్లెందు దగ్గర 1889లో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ఎక్కువ వాటాలు కొన్నాడు. 1956లో అజమాయిషీ ఆంధ్రప్రదేశ్ సర్కారుకొచ్చింది, ఇప్పుడు తెలంగాణకు 51, కేంద్రానికి 49. మా రామగుండంలో బాయిలు తవ్వే నాటికి నిజాం రాజప్రముఖ్ కూడా కాదు. ఆయన మా దాదాకు తట్ట ఇవ్వలేదు, తీసుకోలేదు.

ఏటా సెప్టెంబర్ వచ్చిందంటే మన ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో ‘నిజాం ఐదు టన్నుల బంగారం దేశానికి దానమిచ్చాడు’ అనే మెసేజ్ తిరుగుతుంది. 1965లో ఆయన 425 కిలోల బంగారాన్ని ఆరున్నర శాతం సూద్ వచ్చే డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో పెట్టారు. పెట్టుబడి పెట్టడం తప్పేం కాదు, కానీ అది ఖైరాత్ కాదు. ఆ మెసేజ్ పంపేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. విమోచనమా, విలీనమా, సమైక్యతా అని టీవీల్లో పెద్దలు కొట్లాడుకునే ఆ రోజున, మనం కూడా ఏదో ఒక రసీదు చూపించాలనిపిస్తుంది. మొన్నొక ఏడు మా అమ్మాయిని క్లాసులో ఎవరో “మీ నిజాం ఓడిపోయిన రోజు” అన్నారట. ఇంటికొచ్చి “మన నిజామా, అబ్బా?” అని అడిగింది. దానికి బంగారం లెక్క చెప్పలేదు. మా దాదీ సంగతి చెప్పాను.

దాదీది నాందేడ్ జిల్లాలో ఓ పల్లె. 1948లో తొమ్మిదేళ్లు. వాళ్ల అబ్బా దర్జీ. ఆయన రజాకార్ కాదు. బాద్షాను ఎన్నడూ చూడలేదు, హాలీ సిక్కా మీద చార్మినార్ బొమ్మ చూశాడంతే. ఫౌజ్ వచ్చిన వారంలో ఆయన్నూ, ఆయన తమ్ముణ్నీ మాట్లాడే పని ఉందని ఇంట్లోంచి పిలుచుకుపోయారు. ఇద్దరూ తిరిగి రాలేదు. దాదీనీ, వాళ్లమ్మనూ, చంకలోని తమ్ముణ్నీ పక్కింటి లింగాయత్ అవ్వ మూడు రాత్రులు జొన్నల గదిలో దాచింది. బయట అడిగినవాళ్లకు “మా బిడ్డలే” అని చెప్పింది. ఆ అవ్వ పేరు మీద దాదీ బతికున్నన్నాళ్లూ దువా చేసింది.

పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ వంటి పెద్దలను ఆ శీతాకాలంలో నెహ్రూ పంపాడు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా పోయారని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికన్నా ఎక్కువ నలిగాయి. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు అల్మారాలోనే ఉంది. నేను దాన్ని చదివింది విలేకరిగా. చదువుతుంటే నాకు దర్జీ మిషన్ చప్పుడు వినిపించింది. ఆ అంకెలో మా వాళ్లు ఇద్దరున్నారో లేదో చెప్పడానికి ఏ కాగితమూ లేదు.

“బాద్షా బచ్ గయే బేటా, హమారే అబ్బా నై బచే” అనేది దాదీ. కోపంగా కాదు, కూరలో ఉప్పు తక్కువైంది అన్నట్టు అనేది. కింగ్ కోఠీ మీద ఆమెకు ముహబ్బత్ లేదు, అదావత్ కూడా లేదు. నీలోఫర్ దవాఖానాలో నా చెల్లెలు బతికి బయటపడ్డప్పుడు మాత్రం “ఉనో అచ్ఛా కామ్ కరే” అని ఒప్పుకుంది.

వాళ్లు నాందేడ్ వైపు నుంచి జగిత్యాలలో చుట్టాల ఇంటికి బయల్దేరారు. కొంత నడక, కొంత ఎవరిదో బండి. బాసర చేరకముందే తమ్ముడికి బుఖార్ వచ్చి పోయాడు. గోదావరి ఒడ్డునే దఫన్ చేశారు. కఫన్‌కు వాళ్లమ్మ తన దుపట్టా చింపింది.

పెళ్లయి దాదాతో గోదావరిఖని వచ్చాక కూడా దాదీకి అదే నది. మంచిర్యాల వైపు పోతూ బస్సు బ్రిడ్జి ఎక్కగానే ఆమె తల మీద కొంగు లాక్కుని ఫాతిహా చదివేది. నేను పక్కన కూచుని వినేవాణ్ని. చివర్లో పేర్లు తలుచుకోవాలి కదా. అబ్బా పేరు పూర్తిగా చెప్పేది, బాబాయి పేరు పూర్తిగా చెప్పేది. తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఆగేది. అఖీఖా రోజున పెట్టిన పేరు ఆమెకు ఎంత వెతికినా గుర్తొచ్చేది కాదు. “మున్నా” అనేసి, రెండు చేతులతో ముఖం తుడుచుకునేది.