తాళాలూ, దొంగలూ, నా వుద్యోగమూ

సైబర్ సెక్యూరిటీ వుద్యోగం అనగానే మా వూరివాళ్ళకి నేను సగం పోలీసుని, సగం మాంత్రికుణ్ణి. నిజం చెప్పొద్దూ, ఈ కాలేజీ హాస్టల్లో వున్న రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. చీకటి గది, నల్లని తెర, పచ్చని అక్షరాలు. వేళ్ళు టకటకలాడిస్తే తలుపులన్నీ బార్లా తెరుచుకోవడం!

చేరాక తెలిసింది, ఇది తలుపులు తెరిచే పని కాదు, రోజూ గడియలు పడ్డాయో లేదో చూసుకునే పని అని. 2017 మే నెలలో వాన్నాక్రై దాడి ఇంగ్లండు ఆసుపత్రుల్ని సైతం స్తంభింపజేసింది. అది దూరిన కంత పూడ్చే సవరణని మైక్రోసాఫ్టు వారు మార్చిలోనే విడుదల చేశారు. చాలాచోట్ల వేసుకోలేదు, అంతే!

కంప్యూటర్ కోర్సు చదివినవాళ్ళకే ఈ పని అన్నది మరో అపోహ. 1986లో అమెరికాలో, బర్క్‌లీ ప్రయోగశాలలో, క్లిఫర్డ్ స్టాల్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడికి కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా కనిపించింది. మరొకరైతే వదిలేద్దురు. ఆయన నెలల తరబడి ఆ తీగ లాగితే జర్మనీలో డొంక కదిలింది. సోవియట్ గూఢచారులకి సమాచారం అమ్ముతున్న ముఠా బయటపడింది. కావలసింది మంత్రం కాదు, ఓపిక.

ఇన్ని అపోహలు వదిలించుకున్న నాకు ఒకటి మాత్రం మిగిలిపోయింది. మోసపోయేది తెలివితక్కువవాళ్ళేనని!

మా బాబాయి ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మేష్టారు. బ్యాంకునుంచి అంటూ ఎవడో ఫోన్ చేసి, కంగారుపెట్టి, ఓటీపీ చెప్పించుకుని డబ్బు లాగేశాడు. వెంటనే 1930కి ఫోన్ చేసివుంటే సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం వుండేది. ఆయన నాతో చెప్పింది మూడోనాడు.

"ఇంట్లో నన్ను పెట్టుకుని మూడు రోజులు ఎందుకాగావు బాబాయ్?" అన్నాను.

"సంక్రాంతికి భోజనాల దగ్గర నువ్వేగదురా, ఓటీపీ చెప్పేవాళ్ళకి బుర్రే వుండదని నవ్వావు?" అన్నాడు.

నాకు మాట రాలేదు. దొంగకి ఆ మూడు రోజులూ నేనే ఇచ్చాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వుద్యోగంలోకి తప్పక రండి. కాని మోసపోయినవాణ్ణి చూసి నవ్వకండి. మొన్న సంక్రాంతికి మా వంటింటి గోడమీద 1930 అని పెద్దక్షరాలతో రాశాను. సుద్దముక్క బాబాయే ఇచ్చాడు.