అమ్మ మంచము ఉన్న గోడ

గత డిసెంబరులో హైదరాబాదునుండి మా తమ్ముడు 43 అంగుళముల కొత్త టీవీ పంపించాడు. “అమ్మకు చూపు మసకబారుతున్నది, పెద్ద తెర అయితే బాగా కనబడుతుంది” అని ఫోనులో చెప్పాడు.

మా ఇంట్లోకి వచ్చిన టీవీలలో ఇది మూడవది. మొదటిది 1989లో నాన్నగారు కొన్న నలుపు తెలుపు టీవీ. దానికి తలుపులుండేవి. బొమ్మ అదిరినప్పుడల్లా నాన్నగారు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవారు. అమ్మ కిటికీలోనుండి “వచ్చింది, వచ్చింది” అని కేకవేసేది. రెండవది 2004లో మేము కొన్న రంగుల టీవీ. ఇద్దరు పట్టుకుంటేగాని కదిలేది కాదు.

ఈ కొత్తది పలుచనిదేగాని వెడల్పైనది. 43 అంగుళములన్నది తెరను మూలనుండి మూలకు కొలిచిన కొలత. అడ్డముగా మూడడుగులు దాటుతుంది. టేపు పట్టుకుని ముందుగదంతా కొలిచాము. కిటికీ వెలుతురు పడని గోడ ఒక్కటే కనబడింది. ప్లగ్గు కూడా అక్కడే ఉన్నది. అయితే ఆ గోడకు ఆనుకుని అమ్మ మంచము ఉన్నది. బియ్యము ఏరడము, పాపకు జడ వేయడము, వచ్చినవారిని పలకరించడము అన్నీ ఆమెకు ఆ మంచము మీదనే.

“అమ్మా, మంచము వరండాలో వేస్తే ఇబ్బందా?” అని అడిగాము. “వేయండి, అక్కడ గాలి బాగా వస్తుంది” అంటూ దిండు తానే తీసుకుని వెళ్ళింది. డిసెంబరు చలిలో గాలి ఎవరికి కావాలని మేము ఆలోచించలేదు.

మట్టి కట్టుబడి గోడ గనుక స్క్రూలు నిలవవని తాపీమేస్త్రీ చెప్పాడు. అందుచేత టీవీకి కాళ్ళు బిగించి బల్లమీద నిలబెట్టాము. పాత టీవీకి మూడు తీగలుండేవి: పసుపుది బొమ్మకు, ఎరుపు తెలుపులు శబ్దమునకు. ఇప్పుడు ఆ రెండింటినీ ఒక్క హెచ్.డి.ఎం.ఐ. తీగే తెస్తుంది. అది పెట్టి స్విచ్చి వేస్తే తెరమీద “నో సిగ్నల్” అని వచ్చింది. గంటసేపు తీగలు పీకి పెట్టాము. కేబులు అబ్బాయిని కూడా తప్పుపట్టాము. చివరకు ఏడవ తరగతి చదివే మా పాప వచ్చి రిమోటులో సోర్సు మీట నొక్కింది. మేము తీగ పెట్టినది రెండవ రంధ్రములో. టీవీ వెదకుతున్నది మొదటి దానిలో! అందరము నవ్వుకున్నాము.

మూడు దినములు గడిచాయి. రోజూ భోజనమువేళ వార్తలు చెప్పేది అమ్మే. ఆ రాత్రి ఆమె ఏమీ చెప్పలేదు. “మామ్మా, ఇవాళ వార్తల్లో ఏం చెప్పారు?” అని పాప అడిగింది. “ఏమోనే, మాటలు తెలియడం లేదు” అని అమ్మ తల వంచుకున్నది.

మా మనస్సు కలుక్కుమన్నది. ఎవరికోసము టీవీ వచ్చినదో ఆమెనే బయటికి పంపించాము! వరండాలో కూర్చుని చూస్తే తెర ఒక పక్కకే కనబడుతున్నది. పైగా పలుచని టీవీలలో స్పీకర్లు చాలావరకు ముందుకు గాక కిందికో వెనుకకో తిరిగి ఉంటాయి. ఆ శబ్దము మాకు చాలిందిగాని అమ్మ చెవికి చేరలేదు.

గోడకు కొట్టని టీవీకి ఆ గోడే ఎందుకు? మరుసటి ఉదయమే మంచము పాతచోట వేసి, టీవీని బల్లతోసహా ఎదుటి గోడకు జరిపాము. పొడవు తీగ తెచ్చాము. కిటికీకి మందమైన కర్టెను కట్టాము. సౌండు అమరికలలో మాటలను స్పష్టముగా వినిపించేదానిని పాప వెదకి పెట్టింది. ఇంత పనికి పట్టినది ఒక్క పూట.

మీ ఇంటికీ కొత్త టీవీ వస్తే, గోడను కొలిచేముందు ఆ గోడవద్ద ఎవరు కూర్చుంటున్నారో చూడండి. పెద్దవారు “పరవాలేదు” అన్నంత మాత్రాన పరవాలేదని అనుకోకండి.

ఇప్పుడు ఆకాశములో మెరుపు కనబడితే చాలు, “ప్లగ్గూ కేబులు తీగా రెండూ తీయండర్రా” అని మంచము మీదనుండి అమ్మ కేకవేస్తున్నది. ఆ కేక వినడము మాకెంతో ఇష్టముగా ఉన్నది.