ఆరు గంటల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

మాది హయత్‌నగర్‌లో విజయవాడ హైవే పక్కన ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఎల్బీనగర్ నుంచి పెద్ద అంబర్‌పేట దాకా ప్రైవేటు బడులకు ఫీజులు, హాజరు చూసుకునే ప్రోగ్రాం చేసి ఇస్తాం. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారన్న వివరం అంతా మా సర్వర్లోనే ఉంటుంది. వాటి భద్రత నా బాధ్యత.

2022 ఏప్రిల్ 28న, సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఐటీ చట్టం కింద ఆదేశాలు ఇచ్చింది. సైబర్ దాడిని గమనించిన ఆరు గంటల్లోగా తమకు తెలపాలి. సిస్టమ్‌లో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. కంప్యూటర్ల గడియారాలు ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల ఇచ్చే టైముతో సరిపోవాలి. చిన్న సంస్థలకు ఆ ఏడాది సెప్టెంబరు 25 దాకా గడువు ఇచ్చారు. ఆలోగా నేను ఒక కన్సల్టెంటును పెట్టుకుని ఈ నిబంధనలన్నీ రాసిన పెద్ద ఫైలు తయారు చేయించాను. అందరిచేతా సంతకాలు పెట్టించాను. యాజమాన్యం మెచ్చుకుంది. పని అయిపోయిందనుకున్నాను.

ఆ రోజుల్లోనే సపోర్టు టీంలో ఒక కుర్రాడు నకిలీ మెయిల్‌లోని లింకు నొక్కాడు. నష్టమేమీ జరగలేదు గానీ, అతన్ని అందరి ముందూ గట్టిగా కేకలేశాను. భయముంటే జాగ్రత్తగా ఉంటారని నిజంగానే నమ్మాను. నా ఫైలును ఎవరూ చదవలేదు. ఆ కేకలు మాత్రం అందరికీ గుర్తుండిపోయాయి.

తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం, సపోర్టులో పనిచేసే అమ్మాయి తన స్క్రీన్ మీద ఒక సంగతి గమనించింది. ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఒకాయన పేరుతో ఎవరో లాగిన్ అయ్యారు. ఒక బడి తల్లిదండ్రుల జాబితా డౌన్‌లోడ్ అవుతోంది. ఆయన మానేసిన రోజే ఆ లాగిన్ మూసెయ్యాల్సింది నేను. మూయలేదు. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా చౌటుప్పల్ బస్సెక్కి ఇంటికెళ్లింది. మర్నాడు ఆ బడివాళ్లు ఫోన్ చేశారు. ఫీజు కొత్త నంబరుకు పంపమని తల్లిదండ్రులకు ఎవరో ఫోన్లు చేస్తున్నారట. అందరినీ అడుగుతుంటే ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నిన్న సాయంత్రమే చూసిన సార్. నేనే ఏదన్న తప్పు నొక్కిన్నేమో, మీరు తిడ్తరేమోనని చెప్పలే.”

సంస్థ గమనించడమంటే అందులో ఒక మనిషి గమనించడమే. అంటే మా ఆరు గంటలు రాత్రే అయిపోయాయి. వాటిని దాటించింది ఆ అమ్మాయి కాదు, నేను పెట్టిన భయం.

మిగతా లోపాలూ ఆ రోజే బయటపడ్డాయి. ఫైల్లో 180 రోజులని రాసి ఉంది. డిస్కు నిండిపోతుండటంతో సర్వర్ పాత లాగ్‌లను ఎప్పటికప్పుడు చెరిపేస్తోంది. సర్వర్ గడియారానికీ ఫైర్‌వాల్ గడియారానికీ కొన్ని నిమిషాల తేడా. దాంతో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో జతపరచలేకపోయాం. సెర్ట్-ఇన్‌కు ఆలస్యంగానే అయినా ఉన్నది ఉన్నట్టు రాశాం. తల్లిదండ్రులను హెచ్చరించమనీ, డబ్బు పోయినవాళ్లుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించమనీ బడివాళ్లకు చెప్పాం.

హైదరాబాద్‌లోని మహేష్ బ్యాంకు సంగతి నాకు ముందే తెలుసు. 2021 నవంబరులో ఉద్యోగులకు నకిలీ మెయిళ్లు వచ్చాయి. 2022 జనవరిలో 12 కోట్లకు పైగా డబ్బు పోయింది. భద్రతా నిబంధనలు పాటించలేదని 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. ఆ వార్త చదివి నేను ఫైర్‌వాల్ గురించి ఆలోచించానే తప్ప, మెయిల్‌కూ దోపిడీకీ మధ్య గడిచిన నెలల గురించి ఆలోచించలేదు. దొంగ లోపలికి వచ్చాక కూడా ఆపడానికి సమయం ఉంటుంది. అది కలిసొచ్చేది, ఏదో తేడాగా ఉందని ఎవరో ఒకరు నోరు విప్పితేనే.

ఆ సోమవారం ఆఫీసులో అందరి ముందూ ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాను. అనుమానం వచ్చి చెప్పినవాళ్లను, అది తప్పుడు అనుమానమే అయినా, ఎవరూ ఒక్క మాట అనకూడదని యాజమాన్యం చేత రాయించాను. రాత్రయినా, ఆదివారమైనా ఎవరికి ఫోన్ చెయ్యాలో రెండు నంబర్లు ప్రతి సీటు దగ్గరా అంటించాం. మానేసినవాళ్ల లాగిన్ మూసేదాకా అకౌంట్స్‌వాళ్లు చివరి జీతం లెక్క తేల్చరు. గడియారాలు ఎన్‌ఐసీ టైముకు కలిపాం, లాగ్‌లకు వేరే డిస్కు పెట్టాం. ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో చాలావరకు ఉత్త అనుమానాలే. అలాంటి ప్రతి ఫోనుకూ కృతజ్ఞతలు చెప్తాను.

ఇప్పుడు ఇంకా పెద్ద బాధ్యత వస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. 18 నెలల గడువు ముగిశాక, 2027 మే నుంచి, డేటా బయటికి పోతే ఆ డేటా ఎవరిదో వాళ్లకూ, ఆ చట్టం కింది డేటా రక్షణ బోర్డుకూ ఆలస్యం లేకుండా తెలపాలి. 72 గంటల్లోగా బోర్డుకు పూర్తి వివరాలివ్వాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. లాగ్‌లు ఏడాది పాటు ఉంచాలి. పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

ఈ గడువుకు సిద్ధమవుతున్న చిన్న కంపెనీలకు నేను చెప్పేది ఇదే. కన్సల్టెంటును తర్వాత పిలవండి. ముందు మీ ఆఫీసులో అందరికంటే కొత్తగా చేరిన మనిషిని కూర్చోబెట్టి, “స్క్రీన్ మీద తేడాగా ఏదైనా కనిపిస్తే ఏం చేస్తావు?” అని అడగండి. ఆ మనిషి తడుముకోకుండా ఒక పేరు చెప్పి, భయపడకుండా వాళ్లకు ఫోన్ చేస్తానంటే, మీరు సగం సిద్ధమైనట్టే. మిగతా సగం డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు.