చేతులెత్తినోళ్లంతా బస్సెక్కరు



మొన్న రాత్రి మా రూములో ఒక తమ్ముడు ఫోన్‌లోనే తన ఎఫ్‌డీ తెంపబోతుంటే మేము ఆపినం. ఏందిరా అంటే వీడియో చూపెట్టిండు. అమెరికాలో గాలప్ వాళ్ల సర్వేలో నూటికి 48 మంది బ్యాంకుల ఉన్న పైసల గురించి భయపడుతున్నరట. ఇగ సగం అమెరికా పైసలు తీసుకుంటది, బ్యాంకులు కూలుతయి, తర్వాత మన వంతు అని వీడియో లెక్క.

సర్వే అబద్ధం కాదు. 2023 ఏప్రిల్‌లో సుమారు వెయ్యి మందిని అడిగిండ్రు. 19 శాతం చాలా భయమన్నరు, 29 శాతం కొంత భయమన్నరు. కానీ అక్కడ అడిగింది భయముందా అని. రేపు పోయి తీసుకుంటరా అని కాదు.

ఇక్కడ దోహాలో సైటు మీద మేము ఎప్పుడూ చూసేదే ఇది. గురువారం సాయంత్రం "రేపు ఓటీకి ఎవరొస్తరు?" అంటే ముప్పై చేతులు లేస్తయి. శుక్రవారం తెల్లారి బస్సు కాడ పన్నెండు మంది. వాళ్లు అబద్ధమాడలేదు, చెయ్యెత్తినప్పుడు రావాలనే అనుకున్నరు. ఒకసారి చేతులు లెక్కపెట్టి కాంక్రీటు ఆర్డరిచ్చినం. మిక్సర్ బండ్లు వరుసగా నిలబడి మాల్ గట్టిపడుతుంటే ఇంజనీరు తిట్టిన తిట్లు ఇంకా యాదికున్నయి.

అదే గాలప్ 2008లో అడిగినప్పుడు కూడా 45 శాతం భయమన్నరు.

మరి సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఎట్ల మునిగింది? 2023 మార్చి 9న ఒక్కరోజే 42 బిలియన్ డాలర్లు తీసిండ్రు, తెల్లారి బ్యాంకు మూసేసిండ్రు. అక్కడ 90 శాతం కంటే ఎక్కువ సొమ్ము, బీమా ఉండే రెండున్నర లక్షల డాలర్లకు పైబడినదే. ఎక్కువగా కంపెనీల పైసలు. సర్వేలో రెండు వేల డాలర్లున్నోడూ ఒక తలే, కోట్లున్నోడూ ఒక తలే. బ్యాంకు ఖాళీ అయ్యేది తలలతోని కాదు గదా.

మేము తెలివిగలోళ్లమని చెప్తలేము. 2018 ముందర ఎఫ్ఆర్‌డీఐ బిల్లొస్తే బ్యాంకుల పైసలు పోతయని వాట్సాప్‌లో వస్తే, మా రూములో ముగ్గురం ఇంటికి ఫోన్ చేసి తీయించినం. ఆ ఏప్రిల్‌లో తెలంగాణ, ఆంధ్రల ఏటీఎంల ముందు 'నో క్యాష్' బోర్డులే. మూడు లక్షలు బీరువాల పెట్టిపిస్తే ఒక లక్ష చుట్టాల పెండ్లికి బదులు పోయింది, మిగిలింది చిల్లరగా కరిగింది. ఇంటి స్లాబు రెండేండ్లు ఆగింది. ఆగస్టులో బిల్లు వాపస్ తీసుకున్నరు. మా పైసలను బ్యాంకు ముట్టలే, మేమే తిన్నం.

అట్లని భయం ఉట్టిదే అనము. 2020 మార్చిలో మన దేశంలోనే ఒక ప్రైవేటు బ్యాంకులో దాదాపు రెండు వారాలు యాభై వేలకు మించి తీయనియ్యలేదు. అందుకే తమ్ముణ్ని సర్వే పక్కన పెట్టి వేరే అడిగినం. నీవి ఎంతున్నయి? వడ్డీతో కలిపి మూడు లక్షల ఎనభై వేలు. బీమా ఐదు లక్షల దాకా ఉన్నది. వేసి ఎన్నాళ్లయింది? పది నెలలు. ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ ఏడాది నిండకముందే తెంపితే వడ్డీ రూపాయి రాదు.

వేళ్ల మీద లెక్కపెట్టుకొని, రెండు నెలలు ఆగుతనన్నడు. వీడియో మాత్రం అప్పటికే ఊర్లో నలుగురికి పంపిండట.