నాన్న చొక్కా

ఇంట్లోంచి ఒక బట్ట తెచ్చి దాని ఇంగ్లిషు పేరు చెప్పాలన్నారు టీచరు. సాయంత్రం అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతూ ఒక్కోటీ చూపిస్తోంది. ఫ్రాక్, సాక్స్, టవల్... రెండో తరగతి పాప టకటకా చెప్పేస్తోంది. నాన్న ఆటో నడిపేటప్పుడు తొడుక్కునే ఖాకీ చొక్కా వచ్చేసరికి మాత్రం మూతి ముడుచుకుంది.

'ఇది వద్దమ్మా. దీనికి ఇంగ్లిషు పేరుండదు.'

అమ్మ నిఘంటువు తెరిచింది. 'ఇదిగో, ఇంగ్లిషులోనూ ఖాకీయే! ఫారసీలో ఖాక్ అంటే మట్టి, దుమ్ము. ఆ రంగుది కాబట్టి ఖాకీ. పైజామా, శాలువాల్లాగే ఇదీ మన దేశం నుంచే ఇంగ్లిషులోకి వెళ్లింది.'

'అయితే ఇంగ్లిషువాళ్లు నాన్న చొక్కా పేరు మన దగ్గరే నేర్చుకున్నారా?'

తెల్లారేసరికి పుస్తకాల సంచిలో ఫ్రాకు లేదు. నాన్న చొక్కా ఉంది.