ఒక్కసారే పిలవాలి

హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో సోఫా ఎక్కి పడుకునే లాబ్రడార్లని చూసి, అవి పుట్టిందే అందుకేమో అనుకునేవాణ్ని. అసలు వాటి పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ జాలర్లకి చన్నీళ్ళలో పని చేసిపెట్టిన కుక్కలు. పూర్తి పేరు లాబ్రడార్ రిట్రీవర్, అంటే పడినదాన్ని వెతికి తెచ్చేది. ఈ సంగతి నాకు మినెసోటా వచ్చాక తెలిసింది. అదీ ఒక వెధవ పని చేశాక.

మా పక్కింటి పెద్దాయనకి బాతులవేట పిచ్చి. 2022 వేసవిలో రెండు వారాలు ఊరెళ్తూ, తన ఎనిమిది నెలల డైసీని మా ఇంట్లో వదిలాడు. "దాంతో లాగులాట ఆడొద్దు, దాని వెనకాల పరిగెత్తొద్దు" అని మరీ మరీ చెప్పాడు. నేను వింటేగా! పాత సాక్సు అది ఒక పక్క, నేనూ మావాడూ ఒక పక్క పట్టుకుని లాగేవాళ్ళం. చెప్పు ఎత్తుకుని పారిపోతే దాని వెనకాల ఇల్లంతా పరుగులు. ఇంట్లో అందరికీ ఒకటే నవ్వులు.

అక్టోబరులో నన్ను కూడా చెరువు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక బాతుకి రెక్క విరిగి నీళ్ళలో పడింది. డైసీ ఈదుకుంటూ వెళ్ళి నోట పట్టుకుని ఒడ్డుకి వచ్చేసింది. అక్కడ నన్ను చూసింది. ముందుకాళ్ళు వంచి, తోకూపుతూ, 'పట్టుకో చూద్దాం' అన్నట్టు నిలబడింది. నేను అలవాటుకొద్దీ దాని వైపు రెండడుగులు పరిగెత్తాను. అంతే, అది పరుగు లంకించుకుంది. ఆ గొడవలో బాతు నోట్లోంచి జారి జమ్ములోకి దూరిపోయింది. గంటసేపు వెతికాం. దొరకలేదు.

చంపిన, గాయపరిచిన బాతుల్ని తెచ్చుకోవడానికి వేటగాడు తగినంత ప్రయత్నం చెయ్యాలని ఇక్కడ ఫెడరల్ నిబంధన ఉంది. కుక్కకి శిక్షణ ఇచ్చేది అందుకే, షోకు కోసం కాదు. పెద్దాయన దొరకని ఆ బాతుని కూడా తన ఆ రోజు లెక్కలో వేసుకున్నాడు. డైసీని ఒక్క మాట అనలేదు. కారెక్కాక మాత్రం, "దాని తప్పేం లేదు. దానికెవరో బాగానే నేర్పారు" అన్నాడు.

వేట నాకు నచ్చదు. కానీ ఆ రాత్రి విరిగిన రెక్కతో జమ్ములో నక్కిన ఆ పక్షి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్ళి, శిక్షణలో సాయం చేస్తానన్నాను.

మళ్ళీ మొదటినుంచీ. తలుపులన్నీ మూసిన సన్నటి నడవా, అప్పడాల కర్రలాంటి గుడ్డ బంపరు. విసిరితే, తిరిగొచ్చే దారి మన దగ్గరికే. తేగానే లాక్కోకూడదు, కాసేపు దాని నోట్లోనే ఉంచి వీపు నిమరాలి. తెస్తే పోగొట్టుకుంటానని దానికి అనిపించకూడదు. రోజుకి నాలుగైదు సార్లే, ఇంకా కావాలని అది గెంతుతుండగానే ఆపెయ్యాలి. రాకపోతే దాని వైపు కాదు, దానికి ఎదురు దిక్కుకి పరిగెత్తాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారే పిలవాలి. రాకపోతే పొడుగు తాడుతో మెల్లగా రప్పించాలి. రెండోసారి పిలిచామంటే, మొదటిది లెక్కలోకి రాదని మనమే నేర్పినట్టు.

నడవాలో వారానికే అంతా వచ్చేసింది. "అయిపోయినట్టేగా?" అన్నాను. ఆయన నవ్వి పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ అదే డైసీకి ఏమీ రాదు! మన మెషీన్లో బ్రహ్మాండంగా నడిచిన కోడు ప్రొడక్షన్లో పడుకున్నట్టు :-) కుక్కకి చోటు మారితే పాఠం కొత్తదే. పెరడు, గడ్డి, లోతులేని నీళ్ళు, ఆ తర్వాత బాతు రెక్క కట్టిన బంపరు, దూరంనుంచి తుపాకీ చప్పుడు... ఒక్కో మెట్టు దగ్గరా మళ్ళీ సులువైన దానితో మొదలుపెట్టాం. దాదాపు ఏడాది పట్టింది.

2023 అక్టోబరు. మళ్ళీ రెక్క విరిగిన బాతు, మళ్ళీ జమ్ము. డైసీ లోపలికెళ్ళి కనబడకుండా పోయింది. అరవబోయాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపటికి జమ్ము కదిలింది. డైసీ నేరుగా వచ్చి ఆయన ముందు కూర్చుంది. నోట్లో బాతు ప్రాణాలతోనే ఉంది, పంటి గాటు లేదు. ఆయన దాని బాధ క్షణంలో ముగించాడు. నేను మొహం తిప్పుకున్నాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ భోజనానికి రమ్మని మావాణ్ణి ఐదోసారి పిలుస్తోంది. వాడు ఆరోదాని కోసం చూస్తున్నాడు. నేర్పింది ఎవరో నాకిప్పుడు తెలుసు.